“తాగి ఎక్కిండు” (కూలి–కులం వ్యాసాలు, 9వ భాగం)



ఏ రోజుదైనా సరే, జిల్లా ఎడిషన్ తీయండి. లోపలి పేజీలో కింద మూలన నాలుగు లైన్ల వార్త ఒకటి కనబడుతుంది. నిర్మాణంలో ఉన్న భవనం పైనుంచి జారిపడి కూలీ మృతి. ఊరు, మండలం, వయసు. భార్య, ఇద్దరు పిల్లలు. ఎస్సై కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. అయిపోయింది.

ఆ వార్తల్లో క్రియల్ని గమనించండి. “జారిపడి”, “కాలు జారి”, “అదుపు తప్పి”, “ప్రమాదవశాత్తు”. వాక్యానికి కర్త ఎప్పుడూ చనిపోయినవాడే, కాకపోతే అతని కాలు. “అంచుకు రెయిలింగ్ కట్టనందువల్ల”, “నిచ్చెన కట్టేయకుండా ఎక్కించినందువల్ల” అని రాసిన వార్త ఇన్నేళ్ళలో నా కంటపడింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బస్సు లోయలో పడితే డ్రైవర్ గురించి రాస్తారు, బ్రేకుల గురించి రాస్తారు, రోడ్డు మలుపు గురించి రాస్తారు. కూలీ పడితే మటుకు అతని కాలి గురించే రాస్తారు.

పేపర్లోకి రాని వాక్యం ఇంకొకటి ఉంది. అది నోటిమాటగా పుడుతుంది. శవం మార్చురీకి చేరకముందే ఆస్పత్రి గేటు దగ్గరికి చేరుతుంది. “తాగి ఎక్కిండు.” ఎవరు మొదట అన్నారో తెలియదు. గంటలో అందరూ అంటుంటారు. పోస్టుమార్టం ఇంకా మొదలే కాదు, ఈ పోస్టుమార్టం మాత్రం పూర్తయిపోతుంది.

మూడేళ్ళ కింద ఒక చిన్న పట్టణం ఆస్పత్రి దగ్గర ఇలాంటి పంచాయితీలో కూచున్నాను. చనిపోయినవాడు పెయింటర్, మాదిగ, ముప్పై అయిదేళ్ళు. మా వైపు చుట్టరికం కూడా. కాంట్రాక్టర్ తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళలో ఒకాయన చాలా మర్యాదగా, బాధగా, “ఏంజేస్తం అన్నా, పొద్దుపొద్దుగాల్నే తాగి ఎక్కిండట” అన్నాడు. పక్కనే నేలమీద కూచున్న అతని భార్య తలెత్తి, “ఆయన ఆదివారం తాగుతడు. ఇయ్యాల మంగళవారం గదన్నా” అంది. ఆ మాటకు జవాబు రాలేదు. మధ్యాహ్నానికి స్టాంపు కాగితం వచ్చింది. రెండున్నర లక్షలు. మాకు ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు, ఇకమీదట ఏ కేసూ వేయము అని రాసి ఉంది. వేలిముద్రకు ఇంకు ప్యాడ్ కూడా వాళ్ళే తెచ్చారు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం, మూడో సెక్షన్. కార్మికుడు తాగి ఉన్నాడు, కావాలని రక్షణ పరికరం తీసేశాడు, చెప్పిన మాట వినలేదు అని యజమాని వాదించి తప్పించుకోవచ్చు. అయితే ఎప్పుడు? గాయమైనప్పుడు మాత్రమే. మనిషి చనిపోతే, లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే, ఆ వాదన చెల్లదు. తాగినా సరే, తాగకపోయినా సరే, పరిహారం కట్టాల్సిందే. ఈ చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపేసినా ఆ మాట అట్లాగే ఉంది. అంటే మార్చురీ గేటు దగ్గర పుట్టే ఆ వాక్యానికి చట్టంలో చిల్లిగవ్వ విలువ లేదు. అయినా ప్రతిసారీ పుడుతుంది. ఎందుకంటే దాని పని కోర్టులో కాదు, ఆ నేలమీద కూచున్న మనిషి ముందు. ఆమె గొంతు తగ్గించడానికి, రేటు తగ్గించడానికి.

రేటు లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే మన పిల్లలు చాలామందికి ఈ లెక్క తెలియదు. 1923 చట్టం కింద మరణానికి పరిహారం అంటే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే ఒక గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరిలో కేంద్రం నెల జీతం పరిమితిని 15,000గా నోటిఫై చేసింది. సగం 7,500. ముప్పై అయిదేళ్ళకు గుణకం 197.06. హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే దానిమీద జరిమానా. ఇది దయ కాదు, ఎక్స్‌గ్రేషియా కాదు, ఎమ్మెల్యే పరామర్శకు వచ్చి కవర్లో పెట్టి ఇచ్చేది కాదు. ఆ స్టాంపు కాగితం మీద ఉన్నది రెండున్నర లక్షలు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దయచేసి గుర్తుపెట్టుకోండి. అదే చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం మరణం కేసులో పరిహారాన్ని కమిషనర్ దగ్గర, అంటే మన దగ్గర లేబర్ ఆఫీసులో, డిపాజిట్ చేయాలి. నేరుగా కుటుంబం చేతికి ఇచ్చిన డబ్బును పరిహారం కింద లెక్కగట్టరు. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సుగా ఇస్తే అది మటుకు మినహాయించుకోవచ్చు. కాబట్టి ఇంకు ప్యాడ్ మీద వేలు పెట్టినంత మాత్రాన కుటుంబం హక్కు పోదు. చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళలోగా క్లెయిమ్ వేయొచ్చు. ఈ ఒక్క సెక్షన్ తెలిసిన డిగ్రీ పిల్లవాడు వాడకు ఒకడు ఉన్నా చాలా స్టాంపు కాగితాలు చిత్తుకాగితాలైపోతాయి.

అయితే పరిహారం అనేది మనిషి పోయాక మాట్లాడే మాట. పోకుండా ఏం చేయాలి అన్నది అసలు మాట. దాని గురించి మన ఉద్యమ సాహిత్యంలో దాదాపు ఏమీ లేదు, ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు. నిచ్చెన అనగానే మనకు నిచ్చెనమెట్ల కులవ్యవస్థ గుర్తొస్తుంది. బాబాసాహెబ్ మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టిన 1920లోనే హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చాడని మనలో ప్రతి వక్తా చెబుతాడు. ఈ వ్యాసంలో ఆ పోలిక జోలికి పోను. నేను మాట్లాడేది పన్నెండడుగుల వెదురు నిచ్చెన గురించి.

మూడు మీటర్ల ఎత్తు నుంచి, అంటే మామూలు ఇంటి శ్లాబు మీదనుంచి, మనిషి పడితే నేలను తాకేసరికి వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది. పది మీటర్ల నుంచి అయితే 50 కిలోమీటర్లు. మొదటిదానికి పట్టే సమయం సెకను కూడా కాదు. “పట్టుకోవాల్సింది”, “జాగ్రత్తగా ఉండాల్సింది” అనే మాటలన్నీ ఆ ముప్పావు సెకనులో జరగాల్సిన పనులు. జరగవు. తల ముందు తగిలితే ఒకటంతస్తు చాలు. “ఎంత ఎత్తని, పదడుగులేగా” అనేవాళ్ళకు ఇది చెప్పండి.

నిచ్చెన సంగతి. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కాళ్ళు గోడకు ఎడంగా ఉండాలి. పన్నెండడుగుల ఎత్తులో ఆనిస్తే అడుగు మూడడుగులు బయటికి. ఎక్కి దిగాల్సిన అంచుకు పైన ఇంకో మీటరు నిచ్చెన మిగలాలి, పట్టుకుని అడుగు వేయడానికి. పైన కట్టేయాలి. కింద జారకుండా గట్టి నేల ఉండాలి. ఎక్కే మనిషివి రెండు కాళ్ళూ ఒక చెయ్యో, రెండు చేతులూ ఒక కాలో ఎప్పుడూ నిచ్చెనకు తగిలి ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 3696 అని పరంజాలకు ఒక భాగం, నిచ్చెనలకు ఒక భాగం పెట్టి ఎప్పుడో రాసిపెట్టింది.

ఇప్పుడు మన పెయింటర్‌ని చూడండి. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో బ్రష్. మూడు ఆధారాలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే నిచ్చెన ఎక్కడానికి దిగడానికి ఉన్న వస్తువు, దానిమీద నిలబడి రోజంతా పని చేయడానికి కాదు. ఇది నా మాట కాదు, ఎత్తులో పనికి సంబంధించి బ్రిటన్ 2005లో తెచ్చిన నిబంధనల్లో వరస ఇదే. ముందు, ఎక్కకుండానే పని జరుగుతుందేమో చూడు. తప్పదంటే కంచె ఉన్న వేదిక కట్టు. అదీ కుదరకపోతే పడినా దెబ్బ తగలకుండా వల, తాడు ఏర్పాటు చెయ్యి. నిచ్చెన కొద్దిసేపటి తేలికపాటి పనికి మాత్రమే. మన దగ్గర ఈ వరస తలకిందులు. ముందు నిచ్చెన. నిచ్చెన అందకపోతే దానికింద డ్రమ్ము. డ్రమ్ము కదిలితే కింద ఇటుక. ఆ ఇటుక మీద ఒక పదిహేనేళ్ళ పిల్లవాడు కాలు పెట్టి నిలబడతాడు. వాడి పేరు హెల్పర్.

పరంజా అని పుస్తకాల్లో అంటారు, మా దగ్గర గోవ అంటారు. సర్వి కర్రలు, వెదుర్లు, కొబ్బరి తాడు. సర్వి కర్రలతో కట్టడమే తప్పని నేననను. బాగా కట్టిన కర్రల గోవ చెడ్డగా బిగించిన ఇనుప పైపుల కంటే నయం, ఆ కట్టే విద్య కూడా మన మేస్త్రీలదే. లోపం కర్రలో లేదు. నిలబడడానికి వేసేది ఒకే ఒక చెక్క. ఆ చెక్కకూ గోడకూ మధ్య సందు. నడుము ఎత్తున అడ్డకర్ర లేదు, మోకాలి ఎత్తున ఇంకో కర్ర లేదు, కాలి దగ్గర ఇటుక జారి కిందున్నవాడి నెత్తిన పడకుండా అంచుపట్టీ లేదు. ఈ మూడూ కట్టడానికి పట్టేది ఇంకొన్ని కర్రలు, ఒక పూట కూలి. అంతే.

హెల్మెట్, బెల్టు ఇస్తే బాధ్యత తీరిందనుకునే ఇంజినీర్లు కొత్తగా తయారయ్యారు. నడుముకు మాత్రం కట్టే బెల్టుతో పడితే తాడు లాగేది పొత్తికడుపునూ వెన్నెముకనూ. భుజాల మీదుగా తొడల చుట్టూ వచ్చే పూర్తి హార్నెస్ కావాలి. దాని కొక్కెం దేనికి తగిలించాలి? మనోళ్ళు పాపం నిలబడ్డ గోవ కర్రకే తగిలిస్తారు. గోవ కూలితే మనిషి దాంతోపాటే పోతాడు. ఇంకొకటి, హార్నెస్‌కు ఉండే తాడు పొడవు, కుదుపును మింగే పట్టీ విచ్చుకునే పొడవు, మనిషి పొడవు అన్నీ కలిపితే కింద అయిదారు మీటర్ల ఖాళీ ఉంటేగాని అది ఆపలేదు. మొదటి శ్లాబు ఎత్తులో కాళ్ళ దగ్గర తగిలించిన తాడు ఆపేలోపే మనిషి నేలను తాకుతాడు. అంటే ఎక్కువమంది పనిచేసే ఆ తక్కువ ఎత్తులో కాపాడేది కంచె, బెల్టు కాదు. బెల్టు ఫొటోకు బాగుంటుంది.

ఆడవాళ్ళ సంగతి ఈ లెక్కలో అసలు రాదు. తలమీద కంకర తట్ట, రెండు చేతులూ తట్టకే, కాళ్ళ కింద వెదురు తడికెల ర్యాంపు, చీర కుచ్చిళ్ళు. ఇరవై ఏళ్ళు పని చేసినా ఆమె హెల్పరే, మేస్త్రీ కాదు. చీర మీద హార్నెస్ ఎట్లా వేసుకోవాలో ఏ కంపెనీ క్యాటలాగులోనూ నాకు కనబడలేదు.

“ఇవన్నీ మనోళ్ళు వేసుకోరండీ, ఇస్తే పక్కన పడేస్తారు” అంటాడు కాంట్రాక్టర్. ఈ మాటకు జవాబు కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల ఊళ్ళల్లో ఉంది. దుబాయి పోయి ఆకాశహర్మ్యాలు కట్టి వచ్చినవాళ్ళను అడగండి. అక్కడ హార్నెస్ లేకుండా గోవ ఎక్కితే ఫోర్‌మన్ దింపేస్తాడని చెబుతారు. గల్ఫ్ స్వర్గమని నేననను, ఎండకు, అప్పుకు, ఒంటరితనానికి పోయిన మనవాళ్ళ శవపేటికలు శంషాబాద్‌లో దిగుతూనే ఉన్నాయి. నేననేది ఒక్కటే. అక్కడ వేసుకున్న మనిషే ఇక్కడికొచ్చి వేసుకోడంటే, అలవాటు మారింది మనిషిది కాదు, ఇచ్చేవాడిది.

డబ్బు లేదంటారా, అదీ అబద్ధమే. సర్కారు పనుల ఎస్టిమేట్ ఒకటి తీసి చదవండి. గోడ కట్టడం, పూత, పెయింటింగ్, ఏ ఐటమ్ అయినా కింద మన ఇంజినీరింగ్ శాఖలకు అలవాటైన ఒక పొడుగాటి వాక్యం ఉంటుంది. సామాను, రవాణా, కూలి ఖర్చులు, పరంజా, నీళ్ళు కొట్టడం అన్నీ కలిపి పూర్తయిన పనికి ఇంత అని. పరంజా ఖర్చు ఆ రేటులోనే ఉంది! జనం పన్నుల్లోంచి ఆ గోవకు డబ్బు వెళ్ళింది. గోవ రాలేదు, డ్రమ్ము మీద నిచ్చెన వచ్చింది. ఆ తేడా ఎవరి జేబులో ఉందో అడగడానికి పెద్ద విప్లవం అక్కర్లేదు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల గడువు.

ఇక్కడ విశ్వవిద్యాలయాల్లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. నాక్ బృందం వస్తుందంటే మీ హాస్టళ్ళకు పది రోజుల్లో రంగులు పడతాయి. మూడో అంతస్తు బయట తాడుకు కట్టిన పలక మీద, జూలా అంటారు దాన్ని, కూచుని ఒకడు రంగు వేస్తుంటాడు. మీరు వరండాలో నిలబడి పోటీ పరీక్షలకు ఆర్టికల్ 21 చదువుకుంటుంటారు. ఇద్దరి మధ్య దూరం నాలుగడుగులు. ఒక్కసారి కిటికీలోంచి అడగండి, పైన తాడు దేనికి కట్టావన్నా, నీకు వేరే తాడు ఉందా అని. కూచునే తాడు ఒకటి, ప్రాణం కాచే తాడు ఇంకొకటి, రెండూ వేరువేరు చోట్ల కట్టి ఉండాలి. మీలో చాలామంది నాన్నలు ఇదే పని చేసి మిమ్మల్ని అక్కడికి పంపారు, ఈ ప్రశ్న అడిగే అర్హత మీకంటే ఎవరికుంది? ఒక్క జాగ్రత్త. అతని మొహం కనబడేట్టు ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. ముందు ఊడేది అతని కూలి. రిజిస్ట్రార్‌కు ఇచ్చే కాగితంలో వర్క్ ఆర్డర్ నంబరు ఉండాలి, కూలివాడి పేరు కాదు.

చట్టం వైపు వస్తే, 1996లో నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. పది మంది, అంతకు పైన పనిచేసే చోట వర్తిస్తుంది. సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళకు 10 లక్షల ఖర్చు దాకా మినహాయింపు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ బోర్డుకు ఇవ్వాలి. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్ళు కార్డు తీసుకోవచ్చు. పరంజాలకు, నిచ్చెనలకు విడిగా నియమాలు కూడా 1998లోనే రాశారు. ఇదంతా ఇప్పుడు కోడ్‌లలోకి వెళ్ళింది, 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి తెచ్చామని కేంద్రం ప్రకటించింది. వృత్తి భద్రత కోడ్‌లో ఆ 10 లక్షల మినహాయింపు 50 లక్షలైంది. ధరలు పెరగలేదా అంటారు. పెరిగాయి. నేల మాత్రం దగ్గరకు రాలేదు. జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో 50 లక్షల లోపు రెండంతస్తుల ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి, ఎనిమిది మందో తొమ్మిది మందో కలిసి కడుతూనే ఉన్నారు. అడ్డా మీద నిలబడ్డ కూలీని ఏ పూటకాపూట తీసుకెళ్ళేది ఎక్కువగా ఈ ఇళ్ళకే. చట్టం సరిగ్గా అక్కడికొచ్చి కళ్ళు మూసుకుంటుంది.

ఆ ఇళ్ళ దగ్గర మనిషి పడితే ఓనరు “నేను మేస్త్రీకి గుత్తకు ఇచ్చాను” అంటాడు. చాలాసార్లు చట్టం కూడా అతని పక్షాన నిలబడుతుంది, ఎందుకంటే ఇల్లు కట్టుకోవడం అతని వ్యాపారం కాదు. మిగిలేది మేస్త్రీ. ఆ మేస్త్రీ ఎవరు? ఎక్కువసార్లు మనవాడే. మాలో, మాదిగో, ఎరుకలో, వడ్డెరో, ముదిరాజో, రేకుల ఇల్లూ ఒక సెకండ్‌హ్యాండ్ బండీ ఉన్నవాడు. చదరపు అడుగుకు ఇంతని ఓనరు గీచిగీచి బేరమాడితే, ఆ బేరంలో తగ్గించడానికి మేస్త్రీ చేతిలో ఉన్నవి రెండే, కూలీ, గోవ. కులం ఇక్కడ పైనుంచి కిందికి తోస్తూ వచ్చి, చివరికి ఒక పేదవాడి చేత ఇంకో పేదవాడిని కర్రలేని చెక్క మీద నిలబెడుతుంది. కేసు పెడదామని వెళితే రెండు దళిత కుటుంబాలు స్టేషన్ బయట ఎదురెదురుగా కూచుంటాయి. ఓనరు గృహప్రవేశానికి ముహూర్తం చూసుకుంటూ ఉంటాడు. పోయిన మనిషి వల్ల ఆ ఇంటికి శాంతి చేయించుకోమని పంతులు చెబుతాడు, శాంతికి అయ్యే ఖర్చుకు మాత్రం ఎవరూ బేరమాడరు. ఇది నేను కళ్ళారా చూశాను.

ఇందులో కులమేముంది, పేదరికమే కదా అని పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సరే. ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే ప్రమాద మరణాల పుస్తకంలో ఎత్తునుంచి పడిపోయినవాళ్ళ లెక్క ఉంటుంది. ఆ పట్టికలో కులం గడి ఉండదు. గడి లేదు కాబట్టి కులం లేదంటారు. మురుగుకాల్వల మరణాల విషయంలోనూ ఒకప్పుడు ఇదే అన్నారు. బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళు ఊరూరా తిరిగి పేర్లు రాసుకున్నారు. 2014లో సుప్రీంకోర్టు ఒక్కో మరణానికి 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. లెక్క ముందు మనం తీశాం, తర్వాతే రాజ్యం మాట్లాడింది. భూమి కిందికి దిగి చచ్చేవాళ్ళను లెక్కపెట్టాం, గోడ మీదినుంచి పడి చచ్చేవాళ్ళను ఇంకా లెక్కపెట్టలేదు. కులమేముందో తెలియాలంటే ఆ పని చేయాలి. ఊళ్ళో కరెంటు స్తంభం సంగతే తీసుకోండి. జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష పెడతారు. ఉద్యోగం వచ్చాక చాలా ఊళ్ళల్లో ఎక్కేది వాడలోని ఒక పిల్లవాడు, జీతం లేదు, గుర్తింపు లేదు, రైతులిచ్చే చాయ్ డబ్బులు. కింద ఫోన్‌లో ఎల్‌సీ అడిగేది ఒకరు, పైన తీగ పట్టుకునేది ఇంకొకరు. లైన్ క్లియర్ ఏ ఫీడర్‌కు ఇచ్చారో పైనున్నవాడికి ఎవరూ చెప్పరు. అతను పోతే రికార్డులో అతను అక్కడ లేనేలేడు. స్తంభం ఎందుకెక్కాడో తెలియదని రాస్తారు.

లెక్క ఉన్నచోట ఏం జరుగుతుందో కూడా చూశాం. తాటిచెట్టు మీదినుంచి పడే గీత కార్మికుల గురించి వాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడాయి. ఎవరు ఎక్కుతారో, ఎవరు పడ్డారో సొసైటీల దగ్గర పేర్లున్నాయి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందరికీ అందాయా, ఎంతమంది వాడుతున్నారు అన్నది వేరే చర్చ. గౌడన్నలను చూసి అసూయపడమని నేను చెప్పడం లేదు, నేర్చుకోమంటున్నాను. పెయింటర్, సెంట్రింగ్ కూలీ, ఫ్లెక్సీ కట్టే పిల్లవాడు, వీళ్ళకు తమ కులదేవుడి పేరుతో కిట్టు వద్దు, అసలు తామున్నామని ఒక రిజిస్టరు కావాలి.

ఫ్లెక్సీ అన్నాను కాబట్టి మన ఇంటి సంగతి కూడా మాట్లాడాలి. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లాలో ఒక సినిమా హీరో పుట్టినరోజు బ్యానర్ కడుతూ ముగ్గురు కరెంటు షాకుతో చనిపోయారు. మనం హీరోల పిచ్చి అని తిట్టుకున్నాం. ఏప్రిల్ 14 ముందురోజు రాత్రి మన వాడల్లో ఏం జరుగుతుంది? ఇనుప ఫ్రేముకు బిగించిన పదిహేనడుగుల ఫ్లెక్సీ, పైన తీగలు, చీకటి, ఇనుప నిచ్చెన లేదా అల్యూమినియం నిచ్చెన. ఎక్కేది పదో తరగతి పిల్లవాడు. తడిసిన వెదురు కూడా కరెంటు లాగుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. తెల్లారితే విగ్రహానికి దండ. గద్దె మీద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ మీద ఒక నాయకుడు, ఆయన నడుము పట్టుకుని ఇద్దరు. హైదరాబాద్‌లో 2023లో 125 అడుగుల విగ్రహం లేచింది, 2024లో విజయవాడలో ఇంకో 125 అడుగులది లేచింది, వాటికి దండ వేయడానికి క్రేన్లు వస్తాయి. మన మండల కేంద్రంలో తొమ్మిదడుగుల విగ్రహానికి వెనకవైపు ఒక ఇనుప మెట్ల వరస, చుట్టూ నడుమెత్తు కంబీ ఉండవు. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు బొగ్గుగనుల్లోకి స్వయంగా దిగి కార్మికుడి పరిస్థితి చూసొచ్చిన మనిషి ఆయన. ఆయన దండ కోసం ఒక్క పిల్లవాడు పడినా ఆయనకు ఏం సమాధానం చెబుతాం?

చివరగా, రేపు ఎక్కడైనా ఇలాంటి కబురు వస్తే ముందు వెళ్ళేవాళ్ళకు. పడ్డ మనిషి ప్రాణంతో ఉంటే చేతులూ కాళ్ళూ పట్టి ఆటోలో వేయకండి, వెన్నుపూస విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే నరాలు తెగుతాయి. మెడ కదలకుండా తల పట్టుకుని 108 వచ్చేదాకా ఆగండి, తప్పనిసరైతే తలుపు చెక్క మీద పడుకోబెట్టి నలుగురూ ఒకేసారి ఎత్తండి. హార్నెస్‌లో వేలాడుతూ ఉంటే క్షేమంగా ఉన్నాడని వదిలేయకండి, కదలకుండా వేలాడే మనిషికి నిమిషాల్లోనే రక్తం కాళ్ళలో నిలిచి స్పృహ తప్పుతుంది, వెంటనే దించాలి. మీలో ఒకరు ఆస్పత్రికి, ఒకరు సైటుకు. సైటుకు వెళ్ళినవాళ్ళు నిచ్చెన, డ్రమ్ము, చెక్క, లేని కంచె, అన్నీ ఫొటోలు తీయాలి. ఎందుకంటే సాయంత్రానికి అక్కడ రెయిలింగ్ మొలుస్తుంది, గోడకు కొత్త హెల్మెట్లు వేలాడతాయి. ఆస్పత్రిలో ఎమ్మెల్సీ రాయించాలి. స్టేషన్‌లో అనుమానాస్పద మృతి అని బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద రాసి పంపేస్తామంటారు, నిర్లక్ష్యంతో మరణానికి బీఎన్‌ఎస్ 106 కింద నమోదు చేయమని రాతపూర్వకంగా ఇవ్వండి. నిర్మాణంలో నిర్లక్ష్యానికి 290 కూడా ఉంది. ఎవరైనా “తాగి ఎక్కిండట” అంటే గొడవ పడకండి. మూడో సెక్షన్ చదివి వినిపించండి, గట్టిగా, నేలమీద కూచున్నామెకు వినబడేట్టు.

ఈ ఏప్రిల్‌లోపు మా మండలంలో అయిదు విగ్రహాలకు మెట్లు, కంబీ పెట్టించాలని అనుకుంటున్నాం. వెల్డర్ మనవాడే, ఇనుము ఖర్చు ఇస్తే చాలన్నాడు. రెండు ఊళ్ళు చందా మొదలుపెట్టాయి, మిగతా మూడు ఊళ్ళ వాళ్ళు ఈ ఆదివారం కూచుంటున్నారు. పదో భాగం సెప్టిక్ ట్యాంకుల గురించి.

జై భీమ్.